మోగని పలకకు బీమా లేదు

జనవరి ఒకటో తారీఖు పొద్దున నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. "ప్రియమైన కస్టమర్‌కు జన్మదిన శుభాకాంక్షలు. మీ క్షేమమే మా ధ్యేయం." కింద ఒక బీమా కంపెనీ పేరు. పుట్టినరోజు నాది కాదు, మా పలకల పెద్దమ్మది. నిజం చెప్పాలంటే ఆమెదీ కాదు. ఆధార్ కార్డులు తీసినప్పుడు పుట్టిన తేదీ చెప్పలేని వాళ్ళందరికీ జనవరి ఒకటి వేసేశారు. మా మార్కాపురంలో ముసలివాళ్ళు సగం మంది ఆ రోజే పుట్టారు. పెద్దమ్మకు ఫోను లేదు కనుక బీమా కాగితంలో నా నంబరు రాశాం. అప్పటినుంచి కంపెనీ ఆమెతో చెప్పదలుచుకున్నవన్నీ నాకే చెబుతోంది.

పెద్దమ్మ పోయిన వానాకాలంలో చనిపోయింది. బతికుండగా ఆమె గొంతు పోయేలా చెప్పిన ఒక్క మాట చెవిన వేసుకోని కంపెనీ, ఇప్పుడు తీరిగ్గా పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ "పొద్దున్నే ఎవరిమీద?" అంది. "ఎవరున్నారు అక్కడ తిట్టడానికి? అదొక మిషను" అన్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బస్టాండు దగ్గర నాకొక జిరాక్సు షాపు ఉంది. నెట్ పని కూడా చేస్తాను. పెద్దమ్మ నాకు అక్కడే పరిచయం. చుట్టరికం ఏమీ లేదు. వరస కలపకుండా మాట్లాడటం మా వైపు ఎవరికీ చేతకాదు కాబట్టి ఆమె నాకు పెద్దమ్మ అయింది, నేను ఆమెకు నాయన అయ్యాను. పలకలు చేసేది, చేసినవి తనే తిరిగి అమ్ముకునేది. రాయి గని నుంచి తెచ్చుకుని, అరగదీసి, నలుపు పట్టించి, చెక్క చట్రం బిగించేది. చట్రానికి ఎర్రరంగు వేసి, దాని మీద తెల్ల చుక్కలు పెట్టి, నాలుగు మూలలా నాలుగు పచ్చ చిలకలు వేసేది. ఆ చిలకలు చిలకల్లా ఉండేవి కావు, బాగా తిని పడుకున్న కోళ్ళలా ఉండేవి. ఆ మాట నేనొకసారి అంటే రెండు వారాలు నా షాపు మెట్టెక్కలేదు. కానీ కనిగిరి నుంచి గిద్దలూరు దాకా "చిలకల పలక" అంటే జనం అడిగి కొనుక్కునేవారు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు మొహం గుర్తుకు రాదు. కుడిచేతి నడిమివేలు కణుపు గుర్తుకొస్తుంది. నల్లబడి, రేగ్గింజలా గట్టిపడి ఉండేది. ఎడమచేతి మూడు వేళ్ళ మీద పలకను నిలబెట్టి, ఆ కణుపుతో ఒక్కటి కొట్టేది. మంచి పలక ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని నెర్రె ఉంటే బొత్తుమని ఊరుకుంటుంది. దాన్ని మూగపలక అంటారు. మొదట్లో నాకు రెండూ ఒకేలా వినపడేవి. "నీకు చెవులు గాదు, తమ్మెలు మాత్రమే ఇచ్చినాడు దేవుడు" అని నవ్వేది. కొట్టి కొట్టి వినిపించగా కొన్నేళ్ళకు నాకూ తేడా తెలిసింది.

ఆ అలవాటు పలకలతో ఆగేది కాదు. షాపులోకి వస్తూనే కౌంటరు అద్దాన్ని ఒక్కటి కొట్టేది. పుచ్చకాయను కొట్టేది, బిందెను కొట్టేది, మా గోడను కొట్టేది. నేను ప్లాస్టిక్ కుర్చీలు కొత్తవి కొంటే వాటినీ కొట్టి, "నిన్ను ముంచినారు నాయనా, ఆర్నెల్లు గూడ రావు" అని తేల్చేసింది. ఆ కుర్చీలు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. ఆ సంగతి గుర్తుచేస్తే, "నేను కొట్టినాక భయపడి బాగైనాయి" అనేది.

అణకువ అనేది ఆమె దగ్గర మచ్చుకు కూడా లేదు. ఎవరో కలెక్టరు చిన్నప్పుడు తన పలక మీదే అఆలు దిద్దుకున్నాడని చెప్పేది. మరుసటి ఏడు ఆ కలెక్టరు జడ్జీ అయ్యేవాడు. సంతలో చోటు కోసం గాజులమ్మే వాళ్ళతో, పీచుమిఠాయి వాళ్ళతో జుట్టూ జుట్టూ పట్టుకునేది. ప్లాస్టిక్ పలకలమ్మే వాడు కనపడితే కావాలనే వాడి పక్కన కూర్చుని, వాడి పలకను కొట్టి చూపించి, "ఇదేమన్నా మాట్లాడతాందా?" అని వచ్చేపోయే వాళ్ళందరినీ అడిగేది. నా దగ్గర జిరాక్సు తీయించుకుంటే ఎప్పుడూ ఒక కాపీ కొసరు అడిగేది.

ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. శ్రీపంచమి వస్తే గుడి ముందు గోనెపట్టా పరిచి, అక్షరాభ్యాసాలకు పలకలమ్మేది. ఒకసారి నేను, "పెద్దమ్మా, పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం సరస్వతీ దేవి. పైన లెక్క ఎట్లా కుదురుతుంది?" అని ఏడిపించాను.

"దేవుడెవురైనా పలక నాదే" అంది, తల కూడా ఎత్తకుండా చిల్లర వెతుక్కుంటూ.

మూగపలకల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతా అక్కడే ఉంది. పలకల పనిలో మా ఊళ్ళో పాతకాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. రోజంతా చేసినవాటిని పొద్దుగూకే వేళకు కొట్టి చూస్తారు. మూగవి ఏరి, అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టి గుంతలో వేస్తారు. "మూగది పొద్దు చూడగూడదు" అంటారు. ఎందుకంటే చట్రం బిగించి నలుపు పట్టిస్తే మూగది, మంచిది కంటికి ఒకటే. రాత్రి ఉంచితే తెల్లారి ఎవరో ఒకరు మంచివాటిలో కలిపేస్తారు. తెలిసో తెలియకో, ఆశకో. అందుకని ఆ ఆశకు తావు లేకుండా చేస్తారు.

పెద్దమ్మ దీన్ని మిగతావాళ్ళకంటే మొండిగా పట్టుకుంది. కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఆమె చేతి మీదుగా ఒక మూగపలక జారిపోయిందట. ఒక బిడ్డకు అక్షరాభ్యాసం చేస్తుంటే, పంతులుగారు బిడ్డ వేలు పట్టి దిద్దిస్తుండగానే పలక రెండుగా విచ్చుకుంది. బిడ్డ వేలు తెగింది. శుభమా అని అక్షరాలు దిద్దుతుంటే నెత్తురు చూసి ఆ తల్లి గుండెలు బాదుకుంది. సాయంత్రం ఆ తల్లీతండ్రీ పెద్దమ్మ ఇంటికి వచ్చారు.

"ఆ రొండు ముక్కలు నా గడప ముందర పెట్టి, ఒక్క మాటన్నా అనకుండ పోయినారు నాయనా" అని చెప్పేది. "తిట్టిపోయింటే మర్చిపోయిందును."

ఇంతకీ బీమా ఎట్లా వచ్చిందంటే, అది ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. చేతిపనులు చేసి అమ్ముకునే వాళ్ళకోసమని మా ఊరి కల్యాణమండపంలో ఒక మీటింగు పెట్టారు. బుట్టలల్లేవాళ్ళు, గొంగళ్ళు నేసేవాళ్ళు, బొమ్మలు చేసేవాళ్ళు, అందరినీ పిలిచారు. పులిహోర పొట్లాలు పంచారు. టై కట్టుకున్న ఒకాయన మైకు పట్టుకుని, మీ సరుకు దుకాణంలో ఉన్నా, సంతలో ఉన్నా, దారిలో బండి మీద ఉన్నా, దానికేమైనా జరిగితే పూచీ మాది అన్నాడు. "మీ చేతులకు మేం గొడుగు పడతాం" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను ఎందుకు కొట్టానో నాకే తెలియదు, దరఖాస్తులు నింపడానికి పిలిస్తే వెళ్ళిన వాణ్ణి.

పెద్దమ్మ చేతికి పాలసీ అట్ట ఇచ్చారు. ఆమె అందరి ముందూ దాన్ని మూడు వేళ్ళ మీద నిలబెట్టి కణుపుతో కొట్టింది. "నాయనా, ఇది మోగలేదే" అంది. హాలంతా గొల్లుమంది. ఆ టై ఆయన కూడా నవ్వి, "కాగితం ఇప్పుడు మోగదమ్మా, కష్టమొచ్చినప్పుడు మోగుతుంది" అన్నాడు. మాటకారులంటే పెద్దమ్మకు ఇష్టం. ఆ జవాబు నచ్చి డబ్బు కట్టేసింది.

ఏప్రిల్ ఎండల్లో ఆమె గిద్దలూరుకు ట్రాలీ ఆటోలో సరుకు వేసుకుని పోతోంది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని చేసిన పలకలు. జూన్‌లో బళ్ళు తెరిచేది పెద్దమ్మకు ఏడాది మొత్తానికి ఒకటే పంట. ఆ పలకలు అమ్మితేనే మళ్ళీ రాయి వస్తుంది, చెక్క వస్తుంది. లేకపోతే సొంత పని మూసి, ఇంకొకరి కార్ఖానాలో కూలికి కూర్చోవాలి. కంభం ఇంకా రాకముందే రోడ్డు మీదికి గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆటో అబ్బాయి తప్పించబోయాడు. ట్రాలీ పక్క గుంతలోకి ఒరిగి బోర్లా పడింది. అబ్బాయికి మోచెయ్యి చీరుకుపోయింది, పెద్దమ్మకు తుంటి కమిలింది. గొర్రెల కాపరులే వచ్చి ఇద్దరినీ లేపి, మజ్జిగ తాగించి, పలకలేరి గోనెసంచుల్లో వేసి, వేరే బండి మాట్లాడి వెనక్కి పంపించారు.

ఇంటికొచ్చి ఆమె చేసిన మొదటి పని ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు. పగిలినవి పగిలాయి. చూడటానికి బాగున్న వాటిని, కోడలు ఒక్కొక్కటే అందిస్తుంటే, పొద్దుగూకేదాకా కొట్టి చూసింది. చాలావరకు మూగబోయాయి. వాటన్నిటినీ తుంటి నొప్పితోనే కూర్చుని సుత్తితో పగలగొట్టి గుంతలో పోసింది. ఎప్పుడూ చేసే పనే. ఆ తర్వాత మరుసటి రోజు నా షాపుకొచ్చి, "నాయనా, కష్టమొచ్చింది. ఆ కాగితాన్ని మోగించు" అంది.

నేను కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఎవరో పలికి, నష్టం చూడటానికి సర్వేయరు వస్తాడు, అందాకా సరుకును కదిలించవద్దు అన్నారు. కదిలించడానికి ఏముంది, అంతా గుంతలోనే ఉంది అనుకున్నాను. అంతకుమించి నా బుర్రకు తట్టలేదు.

సర్వేయరు ఒంగోలు నుంచి ఎండన పడి వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. ఇంగ్లీషు అవసరమవుతుందని పెద్దమ్మ నన్ను తోడు తీసుకుపోయింది. ఆయన మజ్జిగ తాగి, ముందు బిల్లులు అడిగాడు.

"ఏం బిల్లులు?" అంది పెద్దమ్మ.

"సరుకు కొన్న బిల్లులమ్మా. వాటిని బట్టే నష్టం కడతాం."

"కొనలేదు నాయనా, నేనే చేసినా."

"రాయికి, చెక్కకు బిల్లులుంటే ఇవ్వండి. అంతవరకు చూస్తాం."

"మరి నా చెయ్యో? దాన్ని యా దుకాణంలో కొన్నానని రాపియ్యమంటావు?"

చేతిపనులకు బీమా అని ఊరంతా టముకు వేసి, చేతికి బిల్లు అడిగే వాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. చేతికి ఖరీదు కట్టడం రానివాడు చేతిపనికి గొడుగెందుకు పట్టాలి?

తర్వాత ఆయన గుంత దగ్గరికి పోయి ఫోనుతో ఫొటోలు తీశాడు. వంగి ఒక ముక్క తీసి చూశాడు.

"ఆటో పడితే ఇంత చిన్న ముక్కలు ఎట్లా అవుతాయమ్మా?"

"సుత్తితో కొట్టినా గద."

చెప్పొద్దని నేను కళ్ళతో సైగ చేశాను. పెద్దమ్మ నా సైగలు చూసే మనిషి కాదు.

"మీరే పగలగొట్టారా?"

"నేను గాకపోతే ఎవురు కొడతారు? మూగబోయినవి ఏరి కొట్టినా. పొద్దు చూడనిస్తామా?"

"పగలని పలకల్ని ఎందుకు పగలగొట్టారమ్మా?"

"పగలనివి గాదు నాయనా. పగిలినాయి. పగిలినట్టు నీకు కనపడవు, అంతే."

"కనపడకపోతే నేను ఫొటోలో ఏం చూపించాలి?" అన్నాడాయన. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ ఫోనులో ఫొటోకు చోటుంది కానీ మోతకు చోటు లేదు.

ఎండకు కొన్ని నెర్రెలు ఆలస్యంగా విచ్చుకుంటాయి. ఆ పొద్దున్నే మంచివాటిలో ఒకటి మూగబోయిందని కోడలు పక్కన పెట్టింది. పెద్దమ్మ ఉత్సాహంగా దాన్నీ, ఒక మంచిదాన్నీ తెచ్చింది. "ఇను" అని మంచిదాన్ని కొట్టింది. "ఇప్పుడు దీన్ని ఇను" అని మూగదాన్ని కొట్టింది. ఆయన మొహం చిట్లించి విన్నాడు. మళ్ళీ కొట్టమన్నాడు. చివరికి తల అడ్డంగా ఊపి, "నాకు రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆయన మీద కోపం లేదు. నేనూ ఒకప్పుడు అట్లాంటివాణ్ణే కదా. ఆ తర్వాత అన్న మాటకు వచ్చింది.

"మీరు తొందరపడ్డారు. ఇట్లాంటివి ఉంచి ఉంటే తక్కువ రేటుకైనా అమ్ముకోవచ్చు. ఆ వచ్చింది తీసేసి మిగతాది కంపెనీ ఇచ్చేది. రూలు అదే."

"ఎవురికి అమ్మాల?" అంది పెద్దమ్మ. గొంతు తగ్గింది. ఆమె గొంతు తగ్గడం నేను అంతకు ముందు ఎరగను.

"ఎవరికైనా. లోపల పల్లెల్లో ఎవరు కొట్టి చూస్తారమ్మా?"

పెద్దమ్మ లేచి నిలబడింది. "పల్లెలో బిడ్డల వేళ్ళు వేళ్ళు గావా? వాళ్ళకు నెత్తురు రాదా? తెలిసి తెలిసి బిడ్డ చేతికి మూగపలక ఇచ్చి, ఆ డబ్బు నీకు లెక్క చెప్పి, మిగిలింది నీకాడ తీసుకోవాల్నా? అదా నీ రూలు?" అని, చేతిలో ఉన్న మూగపలకను ఎత్తి రోటికేసి ఒక్క దెబ్బ కొట్టింది. ముక్కలు ఎగిరి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఆ ముక్కలను కూడా ఫొటో తీసుకున్నాడు.

ఆ ఒక్క ఫొటో చాలింది వాళ్ళకు. కొన్ని వారాలకు ఇంగ్లీషులో ఒక మెయిలు వచ్చింది. బిల్లులు లేవు. పైగా సరుకును పాలసీదారే ఉద్దేశపూర్వకంగా ధ్వంసం చేసినట్టు, సర్వేయరు కళ్ళెదుటే మళ్ళీ చేసినట్టు రుజువైంది. కాబట్టి ఇవ్వం. నేను చదివి తెలుగులో చెప్పాను. ధ్వంసం! ఎవరి బిడ్డకో వేలు తెగకూడదని తన రెక్కల కష్టాన్ని తనే గుంతలో పోసుకున్న మనిషికి పెట్టిన పేరు అది. అదే ఆమె ఆ మూగపలకలన్నిటికీ నలుపు పూసి, చిలకలు తిప్పి, జూన్‌లో లోపలి పల్లెల్లో అమ్ముకుని ఉంటే కంపెనీ లెక్కలో బుద్ధిమంతురాలు అయ్యేది. మోసం చేస్తే బీమా ఉంది, చేయకపోతే లేదు. దీన్ని ఇంకో రకంగా చెప్పగలిగిన వాళ్ళుంటే నా షాపుకొచ్చి చెప్పమనండి, టీ నేను పోయిస్తాను.

మళ్ళీ అర్జీ పెడదాం అన్నాను. పెద్దమ్మ నా కుర్చీ పక్కనే కూర్చుని చెప్పింది, నేను టైపు చేశాను. మూగపలక అంటే ఏమిటో, ఎందుకు కొడతారో, మా ఊళ్ళో ఎంతకాలంగా ఈ పద్ధతి ఉందో అంతా రాశాం. వాళ్ళ మనిషే వచ్చి ఏ కార్ఖానాలోనైనా అడగవచ్చు అని రాశాం. చివర్లో ఆమె, "ఇది గూడ రాయి నాయనా. సచ్చినదాన్ని పూడ్చినా గాని, బతికినదాన్ని సంపలా. అట్లనే రాయి, మార్చబాక" అంది. నేను అట్లాగే రాసి, కింద ఇంగ్లీషులో కూడా పెట్టాను.

చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావు అని అడిగాడట. వచ్చిన జవాబు అట్లాగే ఉంది. సరుకును తానే పూడ్చినట్టు పాలసీదారు రాతపూర్వకంగా అంగీకరించారు, కాబట్టి మా నిర్ణయంలో మార్పు లేదు. ఆ మొత్తం అర్జీలో వాళ్ళకు పనికొచ్చింది ఆ ఒక్క మాటే. అప్పటికి బళ్ళు తెరిచారు. బస్టాండు నిండా కొత్త సంచులు వేసుకున్న పిల్లలు.

పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కౌంటరు అద్దాన్ని కణుపుతో మెల్లగా కొట్టింది. "ఆ పొద్దు మండపంలో నేనే కొట్టి సూసినా. మోగలా. మోగలేదని నా నోటితో నేనే చెప్పినా. అయినా తీసుకున్న్యా. అది నా బుద్ధితక్కువ" అంది. ఆమె తన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ ఒక్కసారీ తప్పు ఆమెది కాదు.

రాయికి డబ్బు లేక సొంత పని ఆగిపోయింది. వేరే వాళ్ళ కార్ఖానాలో పలకలు ఏరే పనికి కుదిరింది. పొద్దుగూకేసరికి మూగవాటిని ఏరి సుత్తి అడిగితే, ఆ యజమాని, "అత్తా, ఇప్పుడు కాలం అట్ల లేదు, నలుపు ఇంకో చెయ్యి వేసి పంపిద్దాం" అన్నాడట. తెల్లారి నేను అడగకుండానే షాపు ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. సుత్తి దొరకకపోతే రాయితో కొట్టానని, ఆ పూట కూలి కూడా ఇవ్వలేదని చెప్పింది. మళ్ళీ అటు పోలేదు.

ఆ తర్వాత ఆమె దగ్గర మిగిలిన కాసిని చిలకల పలకలు పెట్టుకుని నా షాపు ముందే కూర్చునేది. కొనడానికొచ్చిన తల్లులను ఊరికే కొననిచ్చేది కాదు. కొట్టి వినిపించేది. విననిదే డబ్బు తీసుకునేది కాదు. బస్సు వెళ్ళిపోతుందమ్మా అని వాళ్ళు మొత్తుకుంటే, "బస్సు ఇంకోటొస్తాది, కూసో" అని గదమాయించేది. పలకల దుమ్ము మింగిన వాళ్ళకు వచ్చే దగ్గు ఆమెకు ముందు నుంచీ ఉంది. ఆ ఏడు అది ముదిరింది. దగ్గొచ్చినప్పుడు పలక మోత సరిగా వినపడదని విసుక్కునేది. చివరి పలకను నాకు ఇచ్చింది. అమ్ముడుపోకేం కాదు, "రేట్లు రాసి తగిలించుకో నాయనా, ఆ ప్రింటు కాగితం ఎవురికీ కనపడదు" అని. కొసరు జిరాక్సుల బాకీ తీరిపోయిందని కూడా అంది.

వానలు పడుతుండగా పోయింది. సమాధుల దొడ్డిలో గొయ్యి తవ్వుతుంటే అడుగున అంతా పలకరాయే తగిలింది. గునపం తగిలినప్పుడల్లా మోగింది. మట్టి వేసి, ప్రార్థన అయ్యాక ఎవరి పనికి వాళ్ళం వచ్చేశాం.

శుభాకాంక్షల మెసేజీ వచ్చిన తర్వాత, సంక్రాంతి సెలవులు అయ్యి షాపు తెరిచిన రోజు, నా ఫోను మోగింది. ఆడపిల్ల గొంతు. పెద్దమ్మ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చదివి, "మేడమ్ గారితో మాట్లాడవచ్చా సార్? పాలసీ రెన్యువల్ గురించి" అంది.

ఇన్ని నెలలుగా కూడబెట్టుకున్న తిట్లన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. "ఆమె చనిపోయింది తల్లీ" అన్నాను.

"అయ్యో! సారీ సార్. మాకు అప్‌డేట్ కాలేదు." కీబోర్డు టకటక వినపడింది. "వ్యాపారం చూసుకునే వాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్? స్టాకు ఉంటే కంటిన్యూ చేసుకోవచ్చు."

ఆ "అయ్యో" కాగితం చూసి చదివింది కాదు. ఆ పిల్ల ఎక్కడో ఒక గదిలో కూర్చుని, జీతం కోసం రోజంతా ఎవరెవరి చేతనో తిట్లు తినే పిల్ల. నేను తిట్టాల్సిన మనిషి ఆ గదిలో లేడు. ఏ గదిలో ఉంటాడో నాకు ఎన్నడూ తెలియలేదు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా" అన్నాను. ఫోను కౌంటరు మీద పెట్టి, మేకుకు తగిలించిన పలక తీశాను. రేట్లు తుడిచేశాను. ఎడమచేతి మూడు వేళ్ళ మీద నిలబెట్టి, ఫోనుకు దగ్గరగా తెచ్చి, నడిమివేలు కణుపుతో ఒక్కటి కొట్టాను. ఖంగుమంది. జిరాక్సుకు నిలబడ్డ ఇద్దరు తల తిప్పి చూశారు.

"వినపడిందా?"

"వినపడింది సార్. బాగా వినపడింది. గుళ్ళో గంటా సార్ అది?"

"కాదమ్మా. పలక. మంచి పలక."

ఆ పిల్ల మెల్లగా, "సార్, కాల్ క్లోజ్ చేసే ముందు నేను ఏదో ఒకటి ఎంటర్ చేయాలి. కస్టమర్ తరఫున ఏమన్నారని రాసుకోమంటారు?" అంది.

"వినపడిందని రాసుకో" అన్నాను.